నల్ రెఫరెన్స్

2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్ సేవలు పెక్కు దేశములందు స్తంభించుటకు హేతువైన నల్ పాయింటర్ దోషమే డెస్క్‌టాప్ అప్లికేషన్లు నిర్మించు ప్రోగ్రామర్లను సైతము నిత్యము వేధించుచున్నది. ఏ వస్తువును సూచింపని వేరియబుల్‌ను, వస్తువున్నదను విశ్వాసముతో ప్రోగ్రామ్ వాడబోయినంతనే, ఆ లోపమును పట్టుకొను ఏర్పాటు లేనిచో, అప్లికేషన్ అర్ధాంతరముగా మూతపడును. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషయందు ఇట్టి నల్ రెఫరెన్స్‌ను ప్రవేశపెట్టిన టోనీ హోర్ మహాశయుడే 2009లో దీనిని తన శతకోటి డాలర్ల పొరపాటని ప్రకటించెను.

ఆగిన పంక్తియొద్ద ఒక షరతు చేర్చి తృప్తి నొందుట, నా దృష్టిలో, వ్యాధిని దాచుటయే; స్టాక్ ట్రేస్‌ను అనుసరించి వెనుకకు పోయి, ఆ విలువ ఎచ్చట శూన్యముగా మిగిలెనో, దొరకని ఫైలు వలననా, డేటాబేస్‌లో లేని వరుస వలననా, విండో సిద్ధము కాకమునుపే నడచిన ఈవెంట్ వలననా, తేల్చుకొనవలెను. 2019 నాటి సీ షార్ప్ 8 భాషలో ఇట్టి దోషమును గూర్చి కంపైలరే ముందుగా హెచ్చరించు సదుపాయము కలదు. కాని, పాత ప్రాజెక్టులందు దానిని ప్రోగ్రామరే స్వయముగా ఆన్ చేయవలయును.