కార్తీకము దాటిన తులసి
(చలికాలమున కుండీ మొక్కల సంరక్షణ)

కార్తీకమాసమంతయు తులసికి పండుగయే. ఉదయము నీరు, సాయంకాలము దీపము, క్షీరాబ్ది ద్వాదశినాడు ఉసిరికొమ్మతో కల్యాణము, పౌర్ణమినాడు 365 వత్తుల వెలుగు. ఇంత వైభవము జరిగిన నెల దాటినదో లేదో, మార్గశిర పుష్యమాసములలో అదే మొక్క ఆకులు నల్లబారి రాలిపోవును. కొమ్మలు పుల్లలవలె నిలుచును. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో ఇది పెక్కు ఇండ్లలో కనబడు సంగతి. తులసి ఎండినచో ఇంటికి కీడని పెద్దలు కలవరపడుదురు. ఒక్కొక్క ఇంట ఆ మాట రోజూ నీరుపోయు కోడలిమీదికి కూడ పోవును. ఇది న్యాయము కాదు. తులసి ఎండుటకు కారణములు కంటికి కనబడునవియే; వానిలో పెక్కింటిని తొలగించుట మన చేతిలోని పనియే. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

తులసి ఉష్ణదేశపు మొక్క. పుదీన, సబ్జా మొక్కలు దీనికి దాయాదులు. వెచ్చదనమున్నంత కాలము ఇది వేగముగా చిగురించును. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడుకు సమీపించిన కొలది ఎదుగుదల నిలిచిపోవును. అంతకు మించి చలి పడినచో లేత చిగుళ్లు మొదట నల్లబడును, పిదప ముదురాకులు రాలును.

ఇక మన ప్రాంతపు చలి సంగతి. గోదావరికి ఉత్తరమున కొండలు, అడవులు గల పూర్వపు ఆదిలాబాద్ జిల్లా 2016లో ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అను నాలుగు జిల్లాలైనది. తెలంగాణలో చలి మిక్కిలిగా పడుచోటు ఇదియే. సముద్రము దూరము, ఉత్తరపు పొడిగాలి దగ్గర. మబ్బులేని రాత్రులలో నేల పగటి వేడిమినంతయు ఆకాశమునకు వదలివేయును. దానిని పట్టి నిలుపు తేమ గాలిలో ఉండదు. అందుచేత డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవుట అక్కడ సామాన్యము. సిర్పూర్ (యు) వంటి చోట్ల కొన్ని సంవత్సరములలో 5 డిగ్రీల దరిదాపులకు కూడ దిగినది. గోదావరికి దక్షిణమున కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్లలలో చలి కొంత మెత్తన. అయినను తెల్లవారుజామున తులసిని బాధించుటకు అదియు చాలును.

నేలలో నాటిన మొక్క వేళ్లకు లోతునగల మట్టి వెచ్చదనము కాపుదల యిచ్చును. కుండీకి ఆ భాగ్యము లేదు. దాని నలువైపుల చలిగాలి తగులును. వేళ్లు కూడ చల్లబడును. ఎత్తైన గద్దెమీది తులసికిని ఇదే అవస్థ.

అయితే చలి ఒక్కటియే తులసిని చంపుట అరుదు. చలికి తోడు మనము పోయు నీరు చంపును. వేసవిలో దినమునకు రెండు చెంబుల నీరు త్రాగిన మొక్కయే చలికాలమున ఎదుగుట మాని, తక్కువ నీటితో కాలము గడుపును. మన ఆచారము మాత్రము మారదు. స్నానముచేసి ప్రతిదినము చెంబెడు నీరు పోయుచునే యుందుము. ఆదిలాబాద్ వైపు కుండీలలో నల్లరేగడి మట్టి నింపుట వాడుక. రేగడి నీటిని విడువని మట్టి. ఆ తడిలో గాలి ఆడక వేళ్లు కుళ్లును. వేళ్లు కుళ్లిన మొక్క నీరు పీల్చలేదు; కావున తడిలోనున్నను ఆకులు వాడును. అది చూచి నీరు చాలలేదని మరి యొక చెంబు పోయుదుము. తులసి అంతటితో సరి.

మూడవ కారణము వెన్నులు. తులసి పూచి గింజ కట్టిన పిమ్మట తన బలమునంతయు గింజకే ధారపోయును. శరత్కాలమున వెన్నులు తీయక విడిచిన మొక్క చలి నాటికి బలహీనమై యుండును. తులసిని గిల్లుట దోషమని కొందరు వెనుదీయుదురు. కాని తులసి మంజరులు దళములవలెనే పూజార్హములు. నిషిద్ధదినములు విడిచి, వెన్నులు పచ్చిగానున్నప్పుడే కోసి దేవునికి సమర్పించినచో పూజయు జరుగును, మొక్కయు బ్రతుకును.

నాలుగవది పూజాద్రవ్యములు. మొదటనే పెట్టిన దీపపు సెగ కాండమును కాల్చును. నూనె మట్టిలోనికి కారి గాలిని అడ్డగించును. పాలు పులిసి బూజు పట్టించును. గ్రుచ్చిన ఉసిరికొమ్మ వేళ్లను త్రెంచును. పూజ మానుమని మేము చెప్పుట లేదు. దీపమును పళ్లెములో ఉంచి మొక్కకు జానెడు దూరమున పెట్టవచ్చును. ఉసిరికొమ్మను తడి ఇసుక నింపిన వేరొక కుండలో నిలిపి తులసి ప్రక్కన చేర్చవచ్చును. పాలను పాత్రలో నివేదించవచ్చును. చలి దినములలో చెంబెడు నీటికి బదులు ఉద్ధరిణెడు నీరు సమర్పించినచో భక్తికి లోపము లేదు.

ఇప్పుడు సంరక్షణ విధానము. కదల్చగల కుండీని సూర్యాస్తమయమునకు ముందే ఇంటిలోనికి తెచ్చి, ఎండ వచ్చిన పిమ్మట బయట పెట్టవలెను. పొయ్యి ప్రక్కన గాని, చీకటిగదిలో గాని దినములకొలది ఉంచరాదు. వెచ్చదనము దొరికినను వెలుగు లేనిచో తులసి పాలిపోయి ఆకులు రాల్చును. దానికి దినమునకు నాలుగైదు గంటల ఎండ అవసరము. చలికాలమున సూర్యుడు దక్షిణమునకు వాలి నడచును గనుక, దక్షిణపు వసారా గాని, దక్షిణపు కిటికీ గాని శ్రేష్ఠము. మేడలలోని చిన్న ఇండ్లలో నివసించువారికి కూడ ఈ కిటికీయే శరణ్యము.

కదలని తులసిగద్దెకు నాలుగు కర్రలు నిలిపి, పైన పలుచని బట్టనైనను గోనెపట్టానైనను రాత్రివేళ కప్పవలెను. బట్ట ఆకులకు తగులరాదు. వేడిమి ఆకాశమునకు పోకుండ ఆపుటయే దీని పని. ఉదయము తప్పక తొలగింపవలెను. మొదట ఎండుటాకులు పరచినచో వేళ్లకు దుప్పటి కప్పినట్లగును.

నీటి విషయమున చేతివ్రేలే కొలత. వ్రేలిని రెండు కణుపుల లోతు మట్టిలోనికి దింపి చూడవలెను. తడి తగిలినచో ఆ దినము నీరు వలదు. పొడిగా నున్నచో, ఎండ ఎక్కిన పిమ్మట, చల్లదనము విరిగిన నీటిని కుండీ అడుగు రంధ్రమునుండి కారువరకు పోసి, క్రింది పళ్లెములో నిలిచిన నీటిని పారబోయవలెను. సాయంకాలము నీరు పోయరాదు. ఈ రెండు నెలలు ఎరువు కూడ వలదు. కుండీ మట్టి మార్చు అవకాశమున్నప్పుడు రెండు పాళ్లు ఎర్ర చెల్కమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపినచో నీరు నిలువదు.

పండుగల నాటి తక్కిన కుండీ మొక్కలకు తులసి నియమములన్నియు వర్తింపవు. బంతి ఏడాది మొక్క; పూచి ఎండుట దాని ధర్మము; గింజ దాచిన చాలును. చామంతి చలిని ఓర్చును. క్రిస్మస్ నాటికి ఎర్రబారు పోయిన్సెట్టియా మాత్రము తులసివలె చలికి బెదరును. మెక్సికో దేశపు ఈ మొక్కకు ఎర్రగా కనబడునవి పూరేకులు కావు, పూవు క్రింది ఆకులు. త్రుంచినచో కారు పాలు చర్మమునకు మంట కలిగింపవచ్చును గనుక పిల్లలకు అందనీయరాదు.

చామంతికిని, పోయిన్సెట్టియాకును ఒక పోలిక కలదు. రెండును దీర్ఘరాత్రులు వచ్చిననే పూచును. మొక్కలు పగటి నిడివిని గుర్తించునని 1920లో గార్నర్, అలార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మన ప్రాంతమున డిసెంబరులో పగలు సుమారు 11 గంటలు, రాత్రి 13 గంటలు. ఈ చీకటియే వానికి పిలుపు. రాత్రియెల్ల విద్యుద్దీపము వెలుగు వసారాలో నుంచిన కుండీ ఆకులతో ఏపుగా నున్నను మొగ్గ తొడుగకపోవుటకు కారణమిదియే. మొగ్గ కట్టువరకు రాత్రి దీపమునకు దూరముగా నుంచవలెను. చామంతి పూత ముగిసినపుడు కాండమును నాలుగు వ్రేళ్ల ఎత్తున కోసి విడిచినచో మొదట పిలకలు లేచును. జనవరి, ఫిబ్రవరి నెలలలో వానిని వేరుచేసి నాటుకొనవచ్చును.

తిరిగి తులసికి వత్తము. ఇంత చేసినను ఆకులన్నియు రాలినచో వెంటనే పెరికివేయరాదు. కాండము మొదట గోటితో కొంచెము గీకి చూడవలెను. బెరడు క్రింద పచ్చదనమున్నచో తులసి జీవించియే యున్నది, విశ్రమించుచున్నది. నీరు తగ్గించి, ఎండలో నుంచి, ఓపిక పట్టవలెను. శివరాత్రికి చలి శివశివా యని పోవునని మన పెద్దల మాట. రథసప్తమి దాటి రాత్రులు వెచ్చబడుచున్నప్పుడు ఎండిన కొనలను పచ్చదనమున్న చోటివరకు కత్తిరించి, గుప్పెడు మాగిన ఎరువు వేసినచో కణుపులనుండి చిగుళ్లు వచ్చును. గోధుమవన్నె తేలినచో మాత్రము ఆ కొమ్మ పోయినట్లే. మొదలు వరకు అట్లే యున్నచో క్రొత్త మొక్క నాటుకొనవలెను.

దానికై రెండు మూడు వెన్నులను శరత్కాలముననే పండనిచ్చి, గింజలను పొడి సీసాలో దాచుట మంచిది. మాఘ ఫాల్గుణములలో తడిమట్టిపై చల్లి, సన్నని ఇసుక పలుచగా రాల్చినచో ఒకటి రెండు వారములలో మొలకలు కనబడును. తులసి కొలది యేండ్లు మాత్రమే బ్రతుకు మొక్క. ఎంత కాపాడినను ముదిసి పోవు దినమొకటి వచ్చును. అట్టి దినమున ఇంటిలో ఎవరిని నిందింపనక్కరలేదు. ఆ తులసి గింజనుండియే మొలచిన పిల్లమొక్క ప్రక్క కుండీలో సిద్ధముగా నున్నచో గద్దె ఒక్కనాడును బోసిపోదు.