డీజిలా? పెట్రోలా? బండి కొనేముందు ఒక లెక్క

మన హాస్టలు మిత్రులకు ముంబై రహదారి కొత్త కాదు. జాతీయ రహదారి 65 మీద పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ దాకా రాత్రింబవళ్లు లారీలు తిరుగుతూనే ఉంటాయి. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతాయి. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యం కోసం బీఎంపీ-2 యుద్ధ వాహనాలు తయారయ్యాయి. ఇవన్నీ డీజిలు బండ్లే. మనం నడిపే మోటారు సైకిలు మాత్రం పెట్రోలుది. ఎందుకిలా? చదువయ్యాక ఫైనాన్సులోనో, కార్పొరేషన్ లోనుతోనో బండి కొనుక్కొని బతుకుదామనుకునే వారికి ఈ సంగతి తెలియడం చాలా అవసరం.

ఇంజనులో తేడా

జర్మనీకి చెందిన నికొలస్ ఆటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజను తయారుచేశాడు. నేటి పెట్రోలు ఇంజనుకు మూలం అదే. ఇందులో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని సుమారు పదో వంతుకు నొక్కి, స్పార్క్ ప్లగ్గుతో అంటిస్తారు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనులో ప్లగ్గు లేదు. గాలిని పదహారో వంతుకో, ఇంకా తక్కువకో నొక్కుతారు. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ ద్వారా చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది.

డీజిలు లాభాలు

1. ఎక్కువగా నొక్కడం వల్ల పెట్రోలు ఇంజనులో కన్నా ఎక్కువ వేడి పనిగా మారుతుంది. లీటరు డీజిలులో శక్తి కూడా పెట్రోలు కన్నా ఎక్కువ. కనుక మైలేజి ఎక్కువ.
2. తక్కువ వేగంలోనే లాగే బలం వస్తుంది. దున్నే ట్రాక్టరుకు, ఘాటు ఎక్కే లారీకి కావలసింది అదే.
3. మామూలు వేడికి పెట్రోలు ఆవిరి సులభంగా అంటుకుంటుంది. డీజిలు అంత త్వరగా అంటుకోదు.

డీజిలు నష్టాలు

ఒత్తిడిని తట్టుకోవడానికి ఇంజను బరువుగా, గట్టిగా చేయాలి. ధర, మోత, రిపేరు ఖర్చు ఎక్కువ. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నిబంధనలు వచ్చాక పొగను శుద్ధిచేసే పరికరాలు తోడై ధర ఇంకా పెరిగింది. మారుతి కంపెనీ అప్పుడే డీజిలు కార్లు ఆపేసింది. ఈ కొత్త బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే అది వేడెక్కక మూసుకుపోతుంది.

లెక్క చూద్దాం

డీజిలు బండి ధర పెట్రోలు బండి కన్నా 1,20,000 రూపాయలు ఎక్కువ అనుకుందాం. లీటరుకు పెట్రోలు బండి 15, డీజిలు బండి 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. లెక్క కోసం పెట్రోలు 108, డీజిలు 96 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 7.20, డీజిలు ఖర్చు 4.80. మిగులు 2.40 రూపాయలు. అంటే 50,000 కిలోమీటర్లు తిరిగాకే ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. ఏడాదికి 300 రోజులు, రోజుకు 100 కిలోమీటర్లు సరుకు వేసేవారికి అది 20 నెలలు. రోజుకు 20 కిలోమీటర్లే తిరిగేవారికి ఎనిమిదేళ్లు దాటుతుంది! లోను వడ్డీ, రిపేర్లు దీనికి అదనం. ఒకప్పుడు డీజిలు ధరను ప్రభుత్వం అదుపులో ఉంచేది. 2014 అక్టోబరులో ఆ అదుపు తీసేశారు. కనుక పాత రోజుల లెక్కలు ఇప్పుడు పనికిరావు.

పొగ సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిలు పొగను క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. ఫ్యాక్టరీల గాలినే పీల్చే మన ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. బండి నల్ల పొగ వదిలితే ఎయిర్ ఫిల్టరు, నాజిల్ చూపించాలి, ఓవర్ లోడు తగ్గించాలి. పెట్రోలు పొగ కంటికి కనబడదు, అలాగని మంచిదీ కాదు. అందులోని కార్బన్ మోనాక్సైడ్ మూసిన షెడ్డులో ప్రాణం తీయగలదు.

మిత్రులారా! బరువు, దూరం ఎక్కువైతే డీజిలు మేలు. తక్కువ తిరుగుడుకు పెట్రోలే మేలు. పక్కవాడు కొన్నాడని కాక, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామో కాగితం మీద రాసుకొని షోరూముకు వెళ్లండి. కిస్తీ కట్టేది మనమే కదా!