బొమ్మ ఇటుకలలో విజయనగరం

డెన్మార్క్‌ దేశంలోని బిల్లుండ్‌లో 1968లో లెగోలాండ్‌ ప్రారంభమైంది. అక్కడ లెగో అనే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో పట్టణాలను అసలు పరిమాణంలో ఇరవయ్యో వంతుగా నిర్మించారు. ఆ పద్ధతిలో మన విజయనగరం కోట ప్రాంతాన్ని బల్లమీద నిలపడం ఎలాగో పరిశీలిద్దాం.

ముందుగా నిష్పత్తిని నిర్ణయించుకోవాలి. 1713లో నిర్మాణం ఆరంభమైన విజయనగరం కోట చతురస్రాకారంలో ఉంటుంది. దాని భుజం సుమారు 240 మీటర్లు. గోడల ఎత్తు సుమారు 10 మీటర్లు. అసలు కొలతలను 250వ వంతుకు కుదిస్తే భుజం 96 సెంటీమీటర్లు, గోడ 4 సెంటీమీటర్లు అవుతాయి. లెగో ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. కనుక నాలుగు వరుసలు పేరిస్తే కోటగోడ రమారమి సిద్ధమవుతుంది. మూలల్లోని బురుజుల వంపు పలకల ఇటుకలకు సులభంగా లొంగదు. ఒక్కొక్క ఇటుకను కొద్దికొద్దిగా జరుపుతూ ఆ వంపును సాధించాలి.

కట్టడాలతోపాటు ఖాళీ స్థలాలకూ ఇదే నిష్పత్తి వర్తిస్తుంది. పైడితల్లి అమ్మవారి గుడికీ కోటకూ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. నమూనాలో ఆ వీధి ఇరుకైతే ఉత్సవానికీ నగరానికీ గల సంబంధమే మరుగునపడుతుంది.

ఈ శ్రమకు ప్రయోజనమేమి? మూడు లాంతర్ల కూడలిలోని పాత స్తంభాన్ని 2020లో తొలగించారు. కట్టడం పోయిన తరువాత దానిని కొలవడం అసాధ్యం. ఛాయాచిత్రం రూపాన్ని మాత్రమే చూపుతుంది. సరియైన కొలతలు పునర్నిర్మాణానికి దారి చూపుతాయి. కాబట్టి గంటస్తంభం వంటి కట్టడాలను అవి నిలిచి ఉండగానే కొలిచి భద్రపరచుకోవాలి.