సముద్రగర్భ చమురు, సహజవాయువు వెలికితీత : తీరప్రాంత మత్స్యకారుల ఉపాధి, భద్రతపై చర్చ

విశాఖపట్నం : సముద్రగర్భంలోని చమురు, సహజవాయువు నిక్షేపాలు దేశ ఇంధన అవసరాలకు ఎంత ముఖ్యమో, అదే సముద్రంపై ఆధారపడి జీవిస్తున్న మత్స్యకార కుటుంబాల ఉపాధి కూడా అంతే ముఖ్యం. ఈ రెండింటినీ ఏ విధంగా సమన్వయపరచాలన్న అంశంపై కోస్తాంధ్రలో రెండు దశాబ్దాలకు పైగా చర్చ కొనసాగుతోంది. కాకినాడ, కోనసీమ తీరాలు ఈ చర్చకు కేంద్రస్థానాలు కాగా, ఒకవైపు చమురు శుద్ధి కర్మాగారం, మరోవైపు పెద్ద చేపలరేవు గల విశాఖపట్నానికి కూడా ఇందులో ప్రత్యక్ష సంబంధం ఉంది. ఈ నేపథ్యంలో నిక్షేపాల వెలికితీత పూర్వాపరాలు, పరిహార విధానం, భద్రతా ఏర్పాట్లు, చట్టాల పరిధి గురించిన వివరాలు ఈ విధంగా ఉన్నాయి.

నిక్షేపాల అన్వేషణ - ముఖ్య ఘట్టాలు

కృష్ణా, గోదావరి నదులు యుగయుగాలుగా తెచ్చి సముద్రంలో నింపిన ఒండ్రు పొరల కింద ఏర్పడినదే కృష్ణా-గోదావరి బేసిన్. నదీముఖాల వద్ద నేలపై మొదలైన అన్వేషణ క్రమంగా సముద్రంలోకి, అక్కడి నుంచి లోతు జలాలలోకి విస్తరించింది. నూతన అన్వేషణ లైసెన్సింగ్ విధానం కింద మొదటి విడతలో కేటాయించిన డి-6 బ్లాకులో 2002 అక్టోబరులో రిలయన్స్ సంస్థ భారీ వాయు నిక్షేపాలను కనుగొన్నది. 2008 సెప్టెంబరులో అక్కడ చమురు ఉత్పత్తి, 2009 ఏప్రిల్‌లో సహజవాయువు ఉత్పత్తి ప్రారంభమయ్యాయి. వాయువు కాకినాడ సమీపంలోని గాడిమొగ వద్ద తీరానికి చేరి, అక్కడి నుంచి పైపులైను ద్వారా గుజరాత్‌లోని భరూచ్ వరకు వెళ్లే ఏర్పాటు జరిగింది.

అయితే తొలినాటి అంచనాలు పూర్తిగా నెరవేరలేదు. 2010లో గరిష్ఠ స్థాయికి చేరిన ఉత్పత్తి అనంతరం వేగంగా క్షీణించింది. ఈ వాయువుపై ఆశపెట్టుకుని వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి వంటి చోట్ల నెలకొల్పిన విద్యుత్ కేంద్రాలు ఇంధన కొరతను ఎదుర్కొన్నాయి. డి-6లోని తొలి ప్రధాన క్షేత్రాలలో 2020 ఫిబ్రవరిలో ఉత్పత్తి నిలిచిపోయింది. అదే బ్లాకులో మరింత లోతున ఉన్న కొత్త క్షేత్రాలు 2020 డిసెంబరు, 2021 ఏప్రిల్, 2023 జూన్ నెలల్లో వరుసగా ఉత్పత్తిలోకి వచ్చాయి.

గుజరాత్ రాష్ట్ర పెట్రోలియం కార్పొరేషన్ 2005లో కనుగొన్న దీనదయాళ్ క్షేత్రంలో మెజారిటీ వాటాను 2017లో ఓ.ఎన్.జి.సి. స్వాధీనం చేసుకున్నది. ఓ.ఎన్.జి.సి.కే చెందిన 98/2 బ్లాకులో 2024 జనవరి 7న తొలి చమురు వెలువడింది. ఈ బ్లాకు వాయువును ఓడలరేవు టెర్మినల్‌కు చేర్చే ఏర్పాటు ఉంది. ఈ పరిణామానికి ఒక ప్రత్యేకత ఉంది. అంతవరకు ఈ తీరంలో ప్రధానంగా వెలువడినది సహజవాయువు. వాయువు లీకైతే అగ్నిప్రమాదం సంభవించవచ్చు గాని, అది తెట్టుగా తీరానికి కొట్టుకురాదు. ముడిచమురు విషయం అటువంటిది కాదు. కనుక చమురు ఉత్పత్తి పెరిగిన కొద్దీ తీరరక్షణ సన్నద్ధత కూడా పెరగవలసి ఉంటుంది.

వేటకు కలిగే అవరోధం

రాష్ట్ర సముద్ర మత్స్యవేట క్రమబద్ధీకరణ చట్టం 1994 ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు గల జలాలు సంప్రదాయ పడవలకు ప్రత్యేకించబడ్డాయి. మరపడవలు ఆపైన వేట సాగించాలి. 20 మీటర్లకు మించి పొడవుగల నౌకలు 23 కిలోమీటర్ల అవతలికి వెళ్లాలి. లోతు జలాలలోని బావులు ఈ పరిధులకు వెలుపలే ఉన్నప్పటికీ, వాటిని తీరంతో కలిపే పైపులైన్లు మాత్రం సంప్రదాయ మత్స్యకారుల వేటప్రాంతం గుండానే రావలసి ఉంటుంది. వివాదానికి ఇదే మూలం.

మత్స్యకారులకు మూడు దశలలో ఇబ్బంది ఎదురవుతుంది. మొదటిది సర్వే దశ. కిలోమీటర్ల పొడవైన తీగలను లాగుతూ సర్వే నౌక సంచరించినపుడు దాని మార్గంలో వలలు ఉండరాదు. కాపలా పడవలు వేటగాళ్లను పక్కకు పంపివేస్తాయి. రెండవది బావుల తవ్వకం, పైపులైన్ల నిర్మాణ దశ. మూడవది ఉత్పత్తి దశ. ప్రతి కట్టడం చుట్టూ 500 మీటర్ల మేర రక్షిత వలయం అమలులో ఉంటుంది. లెక్కకు ఇది ఒక్కొక్క కట్టడానికి సుమారు 78 హెక్టార్లు మాత్రమే. కాని చేపలు సముద్రమంతటా సమానంగా ఉండవు. పారులు తిరిగే చోటు, వలవేసే లోతు, గాలివాలు మత్స్యకారులకు తరతరాల అనుభవంతో తెలిసినవి. ఆ చోటు మూతపడితే మరొక చోటుకు వెళ్లడానికి అదనపు డీజిలు, అదనపు సమయం అవసరమవుతాయి. విస్తీర్ణం తక్కువేనన్న సంస్థల వాదనకు, నష్టం ఎక్కువన్న మత్స్యకారుల వాదనకు మధ్య గల అంతరం ఇక్కడే ఉంది.

పరిహారం : లెక్కలు, సందేహాలు

దీనదయాళ్ క్షేత్రంలో 2012 నాటి తవ్వకాల వల్ల నాటి తూర్పుగోదావరి జిల్లా మత్స్యకారులు ఉపాధి కోల్పోయారు. వారికి కొన్ని నెలలకు మాత్రమే పరిహారం అందగా, మిగిలిన నెలల బకాయి కోసం ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చింది. 2019 నవంబరు 21న ముమ్మిడివరం మండలం కొమానపల్లిలో జరిగిన కార్యక్రమంలో 16 వేలకు పైగా కుటుంబాలకు సుమారు 78 కోట్ల రూపాయలను రాష్ట్ర ప్రభుత్వం విడుదల చేసింది. అనగా నష్టానికీ చెల్లింపునకూ మధ్య ఏడేళ్లు గడిచాయి.

ఓ.ఎన్.జి.సి. పైపులైను పనుల వల్ల నష్టపోయిన 23,458 కుటుంబాలకు 2022 మే 13న ఐ.పోలవరం మండలం మురమళ్లలో నెలకు 11,500 రూపాయల చొప్పున 4 నెలలకు సుమారు 108 కోట్ల రూపాయలు అందజేయబడ్డాయి. 2023 నవంబరులో మరో 6 నెలలకు కుటుంబానికి 69,000 రూపాయల వంతున 161.86 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. దీనదయాళ్ అనుభవంతో పోల్చితే చెల్లింపు వేగం గణనీయంగా మెరుగుపడిందని ఈ వివరాలు తెలియజేస్తున్నాయి.

అయినప్పటికీ రెండు ప్రశ్నలు మిగిలి ఉన్నాయి. నెలకు 11,500 రూపాయలు అంటే రోజుకు 383 రూపాయలు. సముద్రవేటలో ఆదాయం కూలి రూపంలో గాక వాటా రూపంలో లభిస్తుంది. డీజిలు, ఐసు, తిండి ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును పడవ యజమాని, కళాసీలు పంచుకుంటారు. వేట బాగున్న నెలకు, లేని నెలకు ఆదాయంలో ఎంతో తేడా ఉంటుంది. ఒకే రేటు ఈ తేడాను ప్రతిబింబించలేదన్నది మొదటి ఆక్షేపణ. అయితే లక్షలాది వేటలకు రశీదులు లేని చోట ఏకరీతి రేటు తప్ప వేగంగా చెల్లించే మార్గం మరొకటి లేదన్నది అధికార యంత్రాంగపు అనుభవం.

రెండవ ప్రశ్న, బాధితులు ఎవరన్నది. పడవ రేవుకు రానినాడు వేటగాడితో పాటు తట్టలో చేపలు మోసి అమ్ముకునే మహిళ, ఎండుచేపలు ఆరబెట్టే వృద్ధురాలు, ఐసు కర్మాగారపు కూలీ, వలలు బాగుచేసే వ్యక్తి కూడా నష్టపోతారు. సముద్రానికి గ్రామ సరిహద్దులు లేవు గనుక గోదావరి ముఖద్వారం వైపు వేటకు వెళ్లే విశాఖపట్నం మరపడవల మాట ఏమిటన్న ప్రశ్న కూడా ఉత్పన్నమవుతుంది. జాబితాలు గ్రామాల ప్రాతిపదికపై తయారైనంత కాలం ఇటువంటివారికి స్థానం లభించడం కష్టం. పనులు ప్రారంభం కావడానికి ముందే పడవల రిజిస్ట్రేషన్, వేటప్రాంతం, అనుబంధ వృత్తుల వివరాలను సేకరించి ఉంచితే తరువాతి వివాదాలు చాలవరకు తగ్గుతాయి.

ప్రమాదాల అనుభవం

కోనసీమ ప్రజల భయాందోళనలు నిరాధారమైనవి కావు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద బావి నుంచి ఎగజిమ్మిన వాయువు అంటుకుని 65 రోజుల పాటు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలుడు 20 మందికి పైగా ప్రాణాలు బలిగొన్నది. ఈ రెండూ నేలపై జరిగినవే అయినా, సముద్రంలోని ప్రతి ప్రతిపాదన సందర్భంగానూ ప్రజలు వీటినే గుర్తుచేస్తారు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలోని చమురు శుద్ధి కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదాన్ని ఈ నగరం కూడా మరువలేదు.

సముద్రంలో 2005 జూలై 27న ముంబై హై నార్త్ వేదిక దగ్ధమై 22 మంది మరణించారు. ఆ తరువాత, 2008లో సముద్ర కార్యకలాపాల భద్రతకు ప్రత్యేక నియమావళి రూపుదిద్దుకుని, చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్‌కు పర్యవేక్షణాధికారం లభించింది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది మరణించగా, బావిని మూసివేయడానికి 87 రోజులు పట్టింది. 2009 ఆగస్టులో ఆస్ట్రేలియా జలాలలోని మొంటారా బావి నుంచి వెలువడిన చమురు ఇండొనేషియా సముద్రపు నాచు రైతులను నష్టపరచింది. వారికి 2021లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టులో అనుకూల తీర్పు రాగా, 2022లో పరిహార ఒప్పందం కుదిరింది. నష్టం జరగక ముందటి ఉత్పత్తి, ఆదాయ వివరాలు నమోదై ఉండడం ఎంత అవసరమో ఈ సుదీర్ఘ వ్యాజ్యం తెలియజేస్తుంది.

సముద్ర ప్రవాహాలు - విశాఖకు గల సంబంధం

గాడిమొగ, ఓడలరేవు ప్రాంతాలు విశాఖపట్నానికి దూరంగా ఉన్నందున ఇక్కడి తీరానికి ప్రమాదం లేదన్న అభిప్రాయం సరికాదు. తూర్పుతీర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరదిశగాను, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణదిశగాను సాగుతుంది. అందువల్ల గోదావరి ముఖద్వారం వద్ద వేసవి ఆరంభంలో చమురు ఒలికితే అది పూడిమడక, విశాఖపట్నం, భీమునిపట్నం వైపు పయనించే అవకాశం ఉంటుంది. అదే నవంబరులో జరిగితే దక్షిణ తీరాలు అప్రమత్తం కావలసి ఉంటుంది. కోరింగ మడ అడవులు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లుపెట్టే ఇసుకతిన్నెలు ఈ పరిధిలోనే ఉన్నాయి.

చమురు తెట్టును ఎదుర్కొనేందుకు జాతీయ ప్రణాళిక 1996 నుంచి అమలులో ఉంది. సముద్రంలో చర్యలకు భారత తీరరక్షక దళం సమన్వయాధికార సంస్థ. తెట్టు ఎటు కదులుతుందో అంచనా వేసే సమాచారాన్ని హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అందిస్తుంది. అయితే తెట్టు ఒడ్డుకు చేరిన తరువాత తొలగించవలసిన బాధ్యత తీరప్రాంత యంత్రాంగంపై ఉంటుంది. 2017 జనవరిలో చెన్నై సమీపంలోని ఎన్నూరు వద్ద రెండు నౌకలు ఢీకొన్నపుడు ఒడ్డున చేరిన తెట్టును బకెట్లతో ఎత్తవలసి వచ్చింది. శిక్షణ, పరికరాలు, ముందుగా గుర్తించిన నిల్వ స్థలాలు జిల్లా స్థాయిలో ఉండాలన్నది ఆ ఘటన నేర్పిన పాఠం.

చట్టాలు, ప్రజాభిప్రాయ సేకరణ

రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం సముద్రగర్భ ఖనిజాలు కేంద్ర ప్రభుత్వానికి చెందుతాయి. ప్రాదేశిక జలాలలో, అనగా 12 నాటికల్ మైళ్ల వరకు మత్స్యవేట రాష్ట్ర పరిధిలోనిది. నేలపై ఉత్పత్తయ్యే చమురుపై రాయల్టీ రాష్ట్రానికి లభిస్తుండగా, సముద్ర ఉత్పత్తిపై రాయల్టీ కేంద్రానికి చెందుతుంది. ఉపాధి నష్టం, ప్రమాద భయం తీరంలో మిగిలి, ఆదాయం వేరొక చోటుకు చేరుతున్నదన్న వాదనకు ఈ ఏర్పాటే ఆధారం.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చమురు, వాయు ప్రాజెక్టులను ‘ఎ’ కేటగిరీలో చేర్చింది. ఈ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందుగా ప్రకటన వెలువరించాలి. జిల్లా కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. 2020 జనవరి 16న చేసిన సవరణతో అన్వేషణ దశ ‘బి-2’ కేటగిరీకి మారి, ఆ దశకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండాపోయింది. ఉత్పత్తి దశ మాత్రం ‘ఎ’ కేటగిరీలోనే కొనసాగింది. అన్వేషణ తాత్కాలికమైనది గనుక అనుమతులు త్వరగా లభించాలని పరిశ్రమ వాదిస్తోంది. వేటకు తొలి అంతరాయం సర్వే, తవ్వకాల సమయంలోనే కలుగుతుంది గనుక అప్పుడే తమ మాట వినాలని మత్స్యకార సంఘాలు కోరుతున్నాయి.

తవ్వకపు వ్యర్థాలకు కూడా ప్రమాణాలు ఉన్నాయి. 2005 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన నిబంధనల మేరకు తీరానికి 5 కిలోమీటర్ల లోపు తవ్వకపు వ్యర్థాలను సముద్రంలో వదిలేటపుడు సముద్ర జీవావరణానికి, తీరానికి హాని కలగకుండా చూడాలి. ఉత్పత్తితో పాటు వెలువడే నీటిలో చమురు సాధారణంగా లీటరుకు 40 మిల్లీగ్రాములకు మించరాదు. ఈ పరీక్షల ఫలితాలు తెలుగులో, రేవులలో అందరికీ కనిపించే విధంగా ప్రదర్శితమైనపుడే ప్రజలలో విశ్వాసం పెంపొందుతుంది.

సమన్వయమే మార్గం

దేశం ముడిచమురు అవసరాలలో 85 శాతానికి పైగా దిగుమతులపై ఆధారపడుతోంది. లోతు జలాలలో అన్వేషణకు జాతీయ మిషన్‌ను ప్రధానమంత్రి 2025 ఆగస్టు 15న ప్రకటించారు. కనుక తూర్పుతీరంలో అన్వేషణ మున్ముందు పెరగగలదే గాని తగ్గదు. అదే సమయంలో 2010 నాటి గణన ప్రకారం రాష్ట్ర తీరంలోని 555 మత్స్యకార గ్రామాలలో సుమారు 6 లక్షల జనాభా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధాన్ని ఈ కుటుంబాలు పాటిస్తున్నాయి. సముద్ర సంపద పునరుత్పత్తి కోసం వలను ఒడ్డున పెట్టడానికి అంగీకరించినవారు దేశ ప్రయోజనాన్ని కాదనేవారు కారు. పనుల సమాచారం ముందుగా తెలియాలని, నష్టాన్ని తమ సమక్షంలో లెక్కించాలని, ఆ సొమ్ము నష్టపోయిన సీజనులోనే చేతికందాలని మాత్రమే వారు కోరుతున్నారు. పరిశ్రమ, మత్స్యశాఖ, జిల్లా యంత్రాంగం, మత్స్యకార సంఘాలు ఒకే వేదికపై సమావేశమై ఈ మూడింటినీ పనులకు ముందే నిర్ణయించుకోగలిగితే, ఏడేళ్ల నిరీక్షణ వంటి అనుభవం మరొక తరానికి ఎదురుకాకుండా నివారించవచ్చు.