బాఖ్ చెల్లో.. కెస్లాపూర్ కిక్రి!

యూట్యూబ్‌లో ‘బాఖ్ చెల్లో సూట్ నంబర్ 1, ప్రెల్యూడ్’ అని కొట్టండి. పేరు కొత్తగా ఉన్నా, ట్యూన్ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ‘ద పియానిస్ట్’, ‘మాస్టర్ అండ్ కమాండర్’ సినిమాల్లో ఉన్నది ఇదే. ఒకటే వాయిద్యం. మాటల్లేవు, డ్రమ్స్ లేవు. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. అయినా మనసు కుదుటపడుతుంది. ఎందుకలా?

రోజంతా కోడ్ రాసే పని నాది. నచ్చినదాన్ని విప్పి చూడటం అలవాటైపోయింది. అందుకే ఫోన్‌లో ట్యూనర్, మెట్రోనోమ్ యాప్‌లు పెట్టుకుని ఈ ముక్కని మళ్లీ మళ్లీ విన్నా. శ్రుతి, వేగం, మూడ్.. మూడింటి లెక్క ఏందో చూద్దామని.

జీ మేజరే ఎందుకు?

చెల్లోకి నాలుగు తీగలు. కింది నుంచి సీ, జీ, డీ, ఏ. ఈ ప్రెల్యూడ్ జీ మేజర్‌లో ఉంది. మన సంగీతం భాషలో చెప్పాలంటే శంకరాభరణం స్వరాలే. మొదట వినిపించే మూడు స్వరాలు జీ, డీ, బీ. అందులో మొదటి రెండూ వేలు పెట్టకుండా మోగే ఖాళీ తీగలే. వేలు నొక్కని తీగ స్వేచ్ఛగా ఊగుతుంది. దాంతోపాటు చెక్క మొత్తం గుమ్మంటూ పలుకుతుంది. మనకి తగిలే ఆ వెచ్చదనంలో సగం అక్కడి నుంచే వస్తుంది.

ఐదో సూట్ దీనికి పూర్తిగా వేరే. అది సీ మైనర్. అందులో పై తీగని ఏ నుంచి జీకి దించి వాయించాలని బాఖ్ రాశాడు. ఆ తీగ వదులు కాగానే గొంతు మసకబారినట్టు అవుతుంది.

అట్లని ‘మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే విషాదం’ అనుకుంటే లెక్క తప్పుతుంది. మొదటి ప్రెల్యూడ్ చివరి భాగం విని చూడండి. డీ తీగ ఆగకుండా మోగుతుంటే, పక్కన ఇంకో స్వరం అర మెట్టు చొప్పున పైకి ఎక్కుతూ పోతుంది. వినేవాళ్లకి ఊపిరి బిగుసుకుంటుంది. ఆఖర్లో జీ మేజర్‌లోకి దిగి ఆగుతుంది. హమ్మయ్య అనిపించేది అప్పుడే. శ్రుతి ఒకటే అయినా దారిలో భయమూ ఉంది, ఊరటా ఉంది.

వేగం ఎవరు చెప్పాలి?

ఈ ముక్కలో ఉన్నవి 42 బార్లే. దాదాపు ప్రతి బార్‌లోనూ 16 స్వరాలు, అన్నీ సమానం. ఎంత వేగంగా వాయించాలో మాత్రం రాసి లేదు. బాఖ్ వీటిని 1720 ప్రాంతంలో కట్టాడంటారు. ఆయన చేతిరాత ప్రతి దొరకలేదు. మనకి మిగిలిన ముఖ్యమైన ప్రతి ఆయన భార్య అన్నా మాగ్దలీనా రాసుకున్నది.

అందుకే ఒకరు రెండు నిమిషాలకే ముగిస్తారు. ఇంకొకరు మూడు నిమిషాల దగ్గరికి తీసుకుపోతారు. వేగం పెరిగితే వాగు పారినట్టు ఉంటుంది. తగ్గితే ఎవరినో తలుచుకుంటున్నట్టు ఉంటుంది. కొన్ని రికార్డింగులకి నా ట్యూనర్ యాప్ జీ బదులు ఎఫ్ షార్ప్ అని చూపించింది. యాప్ పాడైందేమో అనుకోకండి. పాత పద్ధతిలో వాయించేవాళ్లు ఏ స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర కాకుండా 415 దగ్గర పెట్టుకుంటారు.

చాలాకాలం వీటిని సాధన పాఠాలుగానే చూశారు. 1890లో బార్సిలోనాలోని ఒక షాపులో పాబ్లో కసల్స్ అనే 13 ఏళ్ల కుర్రాడికి ఈ పుస్తకం దొరికింది. పన్నెండేళ్లకు పైగా సాధన చేశాకే సభలో వాయించాడు. 1936 నుంచి 1939 వరకు ఆరు సూట్లూ రికార్డు చేశాడు. కాగితం మీద లేని వేగం, మూడ్ ఆయన చేతుల్లోంచి ప్రపంచానికి వినిపించాయి.

మన దగ్గరా కమాను ఉంది

కమానుతో పలికే తీగ కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు. మా కరీంనగర్ నుంచి గోదావరి దాటి ఉత్తరానికి పోతే ఆదిలాబాద్. అక్కడ రాజ్‌గోండుల దేవతల కథలు, వంశాల కథలు తరతరాలుగా పాడుతున్నవాళ్లు ప్రధాన్లు, తోటీలు. వాళ్ల చేతిలో ఉండేది కిక్రి. మూడు తీగలు, ఒక కమాను. ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్‌లో పుష్య అమావాస్యకి మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతర గురించి మీరు వినే ఉంటారు. ఆ నేల సంగీతమే ఇది.

కిక్రి విన్నప్పుడు కూడా నేను ట్యూనర్ తీశా. సూది ఒక చోట నిలబడలేదు. నిలబడాల్సిన పనీ లేదు. అక్కడ శ్రుతి పాడే గొంతుని బట్టి ఉంటుంది. వేగం కథని బట్టి ఉంటుంది. నాకు గోండి రాదు. అయినా తీగ సాగిన చోట ఏదో బరువైన ఘట్టం నడుస్తోందని తెలిసిపోయింది.

తేడా ఒక్కటే. బాఖ్‌కి కనీసం కాగితం ఉంది. కిక్రికి అదీ లేదు, అంతా జ్ఞాపకంలోనే. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితం మీద పుస్తకాలు రాశాడు హైమన్‌డార్ఫ్. కథని అట్లా రాసి పెట్టుకోవచ్చు. కమాను ఎక్కడ ఆగింది, స్వరం ఎక్కడ జారింది అన్నది రాతకి అందదు. ఒక పెద్దాయన వాయించడం ఆపేస్తే ఆయన వేగం, ఆయన మూడ్ ఆయనతోనే పోతాయి.

కసల్స్‌కి రికార్డింగ్ స్టూడియో కావాల్సి వచ్చింది. మన జేబులోనే రికార్డర్ ఉంది. మీ ఊళ్లోనో, మీ ఫ్రెండ్ వాళ్ల ఊళ్లోనో కిక్రి వాయించే తాత ఉంటే ముందు అడగండి. పూజలో పాడేది రికార్డు చేయొద్దంటే ఫోన్ లోపల పెట్టేయండి. సరేనంటే జాతర గోలలో కాకుండా ఇంటి అరుగు మీద కూర్చుని తీయండి. ముప్పై సెకన్ల రీల్ కోసం కాదు, కథ మొత్తం. ఏ ఊరు, ఏ వంశం, ఏ కథ అన్నది ఫైల్ పేరులోనే రాసి పెట్టండి. ఒక కాపీ ఆ ఇంటి పిల్లల ఫోన్‌లోకి పంపండి. రేపు కమాను పట్టాల్సింది వాళ్లే.