రక్తం ఎక్కించే మంచం ఎంత దూరం?

తలసేమియా మేజర్‌తో పుట్టిన బిడ్డ మొదటి నెలల్లో అందరు పిల్లల్లాగే ఉంటుంది. ఆరు నెలలు దాటాక, చాలావరకు రెండేళ్లలోపే, ఒళ్లు పాలిపోతుంది, తిండి తగ్గుతుంది, పొట్ట ఉబ్బుతుంది. ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ సరిగా తయారు కావడం లేదని అప్పుడు పరీక్షలో తేలుతుంది. ఇక రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినంతకాలం. ఎక్కించిన ప్రతి యూనిట్‌తో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు కాబట్టి గుండెలో, కాలేయంలో పేరుకోకుండా డిఫెరాసిరాక్స్ లాంటి మందు రోజూ వాడాలి. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటిని చూసి తల్లి ఓర్పును మెచ్చుకుంటాం. తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆ మెప్పు ఏ మూలకూ చాలదు. ఇల్లు నిలబడేదీ చితికిపోయేదీ రక్తం ఎక్కించే మంచం ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టే.

గద్వాల నుంచి హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు. మూడు వారాలకోసారి అనుకున్నా ఏడాదికి పదిహేడు సార్లు వెళ్లిరావాలి. రక్తం సరిపోల్చి చూడటానికి, ఎక్కించడానికి ఒక పగలంతా పడుతుంది. దారి కలిపితే రెండు రోజుల కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్లది కూడా. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) నుంచి పని వెతుక్కుంటూ ముంబయి, పుణె వెళ్లే కుటుంబమైతే వెళ్లిన ప్రతిచోటా ఆసుపత్రినీ, దాతలనూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఒకసారి వాయిదా పడుతుంది, తర్వాత ఇంకోసారి. హిమోగ్లోబిన్ తరచూ బాగా తగ్గిపోతుంటే ఎదుగుదల ఆగుతుంది, ముఖం ఎముకలు మారిపోతాయి. బడిలో తోటిపిల్లలు గుర్తుపట్టేది అప్పుడే. ఆ ఇంట్లో ప్రేమ ఏమీ తగ్గలేదు, చేతిలో డబ్బే లేదు.

నిపుణులు హైదరాబాద్‌లోనే ఉన్నారు కదా, అక్కడికే వెళ్లడం మేలు కాదా అనవచ్చు. తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి అక్కడ చేస్తున్న సేవ చిన్నది కాదు. కానీ గుండెలో ఇనుము ఎంత చేరిందో చూసే పరీక్ష, మందు మోతాదు మార్చడం లాంటివి ఏడాదిలో కొన్నిసార్లే అవసరం. ప్రతి నెలా ఎక్కించే రక్తానికి నగరం అక్కర్లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రుల్లో వారానికో రోజు ఈ పిల్లలకని కేటాయించి, మందు కూడా అక్కడే ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. కొత్త ఏర్పాటును ఇక్కడ మొదట చేసి చూడటం కొత్తేమీ కాదు: పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకాన్ని 2007లో మొదట ప్రయోగించిన మూడు జిల్లాల్లో ఈ ప్రాంతమంతా కలిసి ఉన్న నాటి మహబూబ్‌నగర్ ఒకటి. చిన్న ఆసుపత్రిలో రక్తం సురక్షితమేనా అన్న భయం మాత్రం న్యాయమైనదే. అయితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ఏ బ్లడ్ బ్యాంకుకైనా తప్పనిసరి. రోజు ముందే ఖాయమైతే అప్పటికప్పుడు దాతల కోసం పరుగెత్తే అవసరమూ తగ్గుతుంది.

అసలు ఇలాంటి పిల్లలు పుట్టకుండా చూడటానికే డబ్బు పెట్టాలి అన్నది ఇంకా గట్టి ప్రశ్న. సైప్రస్ దేశం పెళ్లికి ముందే పరీక్షలు చేసి కొత్త కేసులను దాదాపు లేకుండా చేసుకుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికంలో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది, బయటి సంబంధమైనా పూర్తిగా పోదు. ఒక్క తల్లినే నిందించే అలవాటుకు ఇందులో ఏ ఆధారమూ లేదు. అయితే పరీక్ష ఎవరికి ముందు చేయాలో చెప్పేది జబ్బు ఉన్న ఈ ఇళ్లే. బిడ్డ అత్తలు, మామలు, పెళ్లీడుకొచ్చిన వాళ్ల పిల్లలు ఆ జిల్లాలోనే ఉంటారు. వాళ్లను హైదరాబాద్‌కు రమ్మంటే రారు. బిడ్డకు రక్తం ఎక్కించే రోజునే జిల్లా ఆసుపత్రిలో, వాహకులను గుర్తించే హెచ్‌బీఏ2 పరీక్షకు వాళ్ల నమూనా కూడా తీసుకుంటే వస్తారు.