పాత పత్రికలు – అట్టపెట్టెల అలంకరణ

చదివి ప్రక్కన పెట్టిన రంగుల పత్రికలు చాలా ఇండ్లలో పేరుకొని ఉండును. చెప్పులు కొన్నపుడు వచ్చిన అట్టపెట్టెకు వాటి పుటలను అంటించి, కలములు, సూదులు, ఉత్తరములు దాచుకొను అందమైన పెట్టెగా మార్చుట పిల్లలకు ఇష్టమైన పని. పని ముగిసిన సాయంకాలము పెట్టె చక్కగానే ఉండును. మరునాటి ఉదయమునకు మూత దోనెవలె వంగిపోవును. కాగితముపై ముడుతలు, బుడగలు కనిపించును. తమకు చేతిపని రాదని పిల్లలు నిరుత్సాహపడుదురు. నిజమునకు లోపము చేతిలో లేదు. కాగితపు స్వభావమును ముందుగా తెలిసికొనకపోవుటలో ఉన్నది.

ఈ కళ కొత్తది కాదు. 18వ శతాబ్దిలో వెనిస్ నగరమున ముద్రించిన బొమ్మలను కత్తిరించి పెట్టెలకు, బల్లలకు అంటించి, పైన పలుమార్లు వార్నిషు పూసెడివారు. చైనా, జపాను దేశముల లక్కపనికి ఇది చవుకైన అనుకరణ. అట్టి సామానులు కొన్ని నేటికిని మ్యూజియములలో నిలిచి ఉన్నవి. మన పెట్టె ఒక్క రాత్రిలోనే వంగిపోవుటకు కారణమేమి?

కాగితము నునుపైన రేకువలె కనిపించినను, అది సన్నని నారపోగులు ఒకదానిపై నొకటి పడి ఏర్పడిన పొర. ఈ పోగులలో ముఖ్య పదార్థము సెల్యులోసు. దీనిని 1838లో ఆన్సెల్మ్ పాయెన్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు మొక్కల నుండి వేరుచేసి చూపెను. పైను జాతి చెట్ల నుండి లభించు పోగు పొడవు సుమారు 3 మి.మీ.; వెడల్పు అందులో నూరవ వంతు మాత్రమే.

నీరు తగిలిన పోగు ఉబ్బును. అయితే అన్ని వైపులకు సమానముగా ఉబ్బదు. పొడవున పెరుగుట బహు స్వల్పము; వెడల్పున పెరుగుట దానికి అనేక రెట్లు. వానకాలమున చెక్క తలుపు అడ్డముగా ఉబ్బి ద్వారబంధములో బిగిసికొనుట అందరెరిగినదే. నిలువున మాత్రము అది పెరిగినట్లే తోచదు. కాగితములో జరుగునదియు ఇదే.

1799లో ఫ్రాన్సు దేశమున నికొలా లూయీ రోబేర్ కాగితపు యంత్రమునకు పేటెంటు పొందెను. అప్పటి నుండి అభివృద్ధి చెందిన యంత్రములలో, కదలుచుండు జల్లెడపై పల్చని గుజ్జు పడును. అందుచే పోగులలో ఎక్కువ భాగము యంత్రము నడచు దిక్కునకు తిరిగి నిలుచును. దీనిని పోగు దిక్కు అనవచ్చును. తడిసినపుడు కాగితము ఈ దిక్కునకు అడ్డముగా ఎక్కువ పెరుగును. ఉదాహరణకు 20 సెం.మీ. కాగితము నూటికి రెండు వంతులు పెరిగినచో, పెరుగుదల 4 మి.మీ. అగును. జిగురు తడికి ఇట్లు సాగిన కాగితమును అట్టకు అంటించిన తరువాత, అది ఆరుచు మరల కుదించుకొనును. అట్ట కుదించుకొనదు. కనుక కాగితము అట్టను తనవైపునకు లాగును, మూత వంగును.

పోగు దిక్కును కనుగొనుటకు ఒక సులభమైన ప్రయోగము కలదు. నోటుపుస్తకపు కాగితమును చిన్న చతురస్రముగా కత్తిరించి పళ్ళెములోని నీటిపై తేల్చవలెను. అడుగు తలము ముందుగా తడిసి సాగుటచే కాగితము పైకి గొట్టమువలె చుట్టుకొనును. ఆ గొట్టపు పొడవు ఉన్న దిక్కే పోగు దిక్కు. పత్రిక పుటను చింపియు పరీక్షింపవచ్చును. పోగు దిక్కున చింపిన అంచు తిన్నగా వచ్చును; అడ్డముగా చింపిన వంకరగా పోవును.

ఈ జ్ఞానముతో చేయవలసిన పనులు నాలుగు. పోగు దిక్కు మూత పొడవునకు సమాంతరముగా ఉండునట్లు పుటను కత్తిరింపవలెను. జిగురు రాసిన వెంటనే అంటింపక, ఒకటి రెండు నిమిషములు ఆగి, కాగితము సాగవలసినంత సాగిన తరువాత అంటింపవలెను. అప్పుడు ముడుతలు తగ్గును. మూత లోపలివైపు కూడ అదే మందము గల కాగితమును అదే దిక్కున అంటింపవలెను. రెండు లాగుడులు ఒకదానినొకటి సరిచేయును. చివరకు పొడి కాగితముల నడుమ ఉంచి, పైన బరువైన పుస్తకములు పెట్టి ఆరనీయవలెను. పుస్తకములు బైండు చేయువారు పాటించు పద్ధతులే ఇవి.

నిగనిగలాడు పుటలకు మరికొంత ఓపిక కావలెను. వాటిపై సన్నని తెల్లమట్టి గాని సున్నపురాతి పొడి గాని పూత పూయబడియుండును. పోగుల సందులు పూడిపోవుటచే తడి నెమ్మదిగా ఇంకును.

జిగురునకు మైదాపిండి చాలును. ఒక వంతు పిండిని ఐదు వంతుల చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై కలియబెట్టుచు కాచవలెను. సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర పిండిరేణువులు నీటిని పీల్చి ఉబ్బ నారంభించును. మిశ్రమము చిక్కబడి జిగట అగును. పిండి అణువులు, సెల్యులోసు అణువులు హైడ్రోజన్ బంధములచే ఒకదానినొకటి పట్టుకొనుటయే అంటుకొనుటకు ముఖ్యకారణము. ఈ జిగురు త్వరగా పాడగును గనుక ఏనాటికానాడు చేసికొనవలెను. పురుగు పట్టకుండ కొందరు మైలతుత్తము కలుపుదురు. అది విషము, పిల్లల చేతి పనిలో వాడరాదు.

దుకాణములలో దొరకు తెల్ల జిగురు పాలీవినైల్ అసిటేటు. ఈ పదార్థమును 1912లో జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ క్లాట్టె కనుగొనెను. నీటిలో తేలుచుండు సూక్ష్మకణములు వెలుగును చెదరగొట్టుటచే అది పాలవలె తెల్లగా ఉండును. నీరు ఆరగానే కణములు కలిసి ఒకే పొరయై పారదర్శక మగును. అందుచే దీనిని కొంచెము పలుచన చేసి బొమ్మల పైపూతగా కూడ వాడవచ్చును.

ఇక్కడ ఆలోచింపవలసిన విషయ మొకటి ఉన్నది. పాత కాగితమును మిల్లులో గుజ్జుచేసి మరల కాగితము చేయవచ్చును. ప్రతి పర్యాయము పోగులు కురుచలై బలహీనపడును గనుక కొన్ని పర్యాయములే ఇది సాధ్యము. పిండిజిగురుతో అంటించిన కాగితము నీటిలో నానగా విడిపోవును, మిల్లునకు పనికివచ్చును. వార్నిషు, తెల్ల జిగురు దట్టముగా పట్టించినది అంత సులభముగా విడదు. అనగా మెరుగు పెట్టిన పెట్టెయే ఆ పత్రికకు తుది రూపము. అది ఏండ్ల తరబడి వాడుకలో ఉన్నచో కాగితము సద్వినియోగమైనట్లే. వారము దినములలో వంగి చెత్తకుండీ చేరినచో, మరల కాగితము కాదగిన వస్తువును వృథా చేసినట్లగును. కనుక కత్తెర పట్టుటకు ముందు ఒక చిన్న ముక్కను నీటిపై తేల్చి చూచుట మంచిది.